ఫోలిక్ యాసిడ్ మాత్రలు: ఎర్ర బిళ్ళ, పసుపు బిళ్ళ, ‘యాక్టివ్’ బిళ్ళ

బిడ్డ కావాలనుకునే జంటకు ఇవాళ మందుల షాపులోనూ పీహెచ్‌సీలోనూ కలిపి మూడు రకాల ఫోలేట్ మాత్రలు దొరుకుతున్నాయి: ఐరన్ కలిసిన ఎర్ర బిళ్ళ, పైసల్లో వచ్చే మామూలు ఫోలిక్ యాసిడ్ పసుపు బిళ్ళ, అట్టపెట్టె మీద ‘యాక్టివ్ ఫోలేట్’ అని రాసి ఉండే ఖరీదైన మాత్ర. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ధరలో కంటే తేదీలో ఎక్కువ కనిపిస్తుంది. ఏ మాత్ర అన్నదానికంటే ఏ రోజు మొదలుపెట్టారన్నదే ముఖ్యం.

ఫోలేట్ చేసే పని తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. కణాలు విభజన చెందడానికి కావాల్సిన డీఎన్‌ఏ తయారీకి ఇది ముడిసరుకు. దాంతోపాటు డీఎన్‌ఏ మీద పెట్టే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులకు కావాల్సిన మిథైల్ గ్రూపులనూ అందిస్తుంది. జన్యువుల రాత మారదు. ఏ జన్యువు పలకాలి, ఏది మౌనంగా ఉండాలి అన్నది ఈ గుర్తులు చెబుతాయి. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటున్నారు. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో తొలి వారాల్లో ఉన్నవాళ్ళను పరీక్షిస్తే, అరవై ఏళ్ళ తర్వాత కూడా ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయి. తొలి వారాల తిండి ఎంత దూరం వెంట వస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక తేదీ లెక్క. పిండంలో మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం (న్యూరల్ ట్యూబ్) గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకుంటుంది. సరిగా మూసుకోకపోతే బిడ్డ మెదడులో, వెన్నులో లోపాలు వస్తాయి. ఫోలిక్ యాసిడ్ తగ్గించేది ఈ లోపాలనే. అంటే నెల తప్పిందని అనుమానం వచ్చి, స్ట్రిప్ పరీక్ష చేసుకుని, ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకునేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోతోంది. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడే మొదలై 12వ వారం దాకా సాగాలి. కనీసం ఒక నెల ముందు మొదలుపెట్టాలి, మూడు నెలల ముందైతే ఇంకా మేలు.

ఎర్ర బిళ్ళ: రక్తహీనత తగ్గించే ప్రభుత్వ కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ కింద ఉచితంగా ఇచ్చేది. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. రక్తహీనతకు ఇది గట్టి మందు, వదలొద్దు. కానీ న్యూరల్ ట్యూబ్‌కు ఇది ఆలస్యంగా వచ్చే చుట్టం. గర్భానికి ముందు నుంచి మొదటి మూడు నెలల దాకా విడిగా 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమని అదే కార్యక్రమం చెబుతోంది, అయితే ఆ సగం మాట చాలా ఇళ్ళదాకా చేరడం లేదు. ఈ బిళ్ళను టీ, కాఫీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే భయం లేదు. వికారంగా ఉంటే మానేయకుండా రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోండి.

పసుపు బిళ్ళ: షాపులో ‘ఫోలిక్ యాసిడ్ ఇవ్వండి’ అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది 5 మిల్లీగ్రాములది. మామూలు అవసరానికి అది పన్నెండున్నర రెట్లు. సగం విరిచినా రెండున్నర మిల్లీగ్రాములే అవుతుంది. ఈ మోతాదు ఇంతకుముందు న్యూరల్ ట్యూబ్ లోపంతో బిడ్డ పుట్టినవాళ్ళకు, మూర్ఛ మందులు వాడేవాళ్ళకు, మధుమేహం ఉన్నవాళ్ళకు డాక్టర్ రాసేది. 1991 నాటి బ్రిటన్ పరీక్షలో 4 మిల్లీగ్రాములు వాడిన తల్లుల్లో ఈ లోపం మళ్ళీ రావడం 72% తగ్గింది. అక్కర లేనివాళ్ళు ఎక్కువ మోతాదు వాడితే బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత కప్పబడి, నరాల నష్టం మాత్రం లోలోపల సాగిపోవచ్చు. శాకాహార ఇళ్ళలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పైగా బి12 లేకపోతే ఫోలేట్ మోసుకొచ్చిన మిథైల్ గ్రూపు దిగే చోటు లేక అక్కడే ఇరుక్కుపోతుంది. ముందే ఒకసారి బి12 రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

‘యాక్టివ్’ బిళ్ళ: ఎల్-మిథైల్‌ఫోలేట్ (ఒంట్లో నేరుగా పనిచేసే ఫోలేట్ రూపం), మిథైల్‌కోబాలమిన్ (బి12 రూపం) కలిసినవి. ‘మీ శరీరం మామూలు ఫోలిక్ యాసిడ్‌ను మార్చుకోలేదు’ అని, ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్ జన్యువు పరీక్షతో కలిపి అమ్ముతున్నారు. ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ తేడా ఉన్నవాళ్ళకు కూడా, అదే మోతాదు ఫోలిక్ యాసిడ్‌తో రక్తంలో ఫోలేట్ సుమారు 16% తక్కువ ఉంటుంది, అంతే. న్యూరల్ ట్యూబ్ లోపాలను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది ఫోలిక్ యాసిడే, మిథైల్‌ఫోలేట్ కాదు. ఆ జన్యుపరీక్ష డబ్బు దండగ.

ఫోలిక్ యాసిడ్ అనగానే ఆటిజం మాట ఎలాగూ వస్తుంది. నార్వేలో 85,176 మంది పిల్లల మీద చేసి 2013లో వెలువరించిన అధ్యయనంలో, గర్భానికి నాలుగు వారాల ముందు నుంచి ఎనిమిదో వారం దాకా ఫోలిక్ యాసిడ్ వాడిన తల్లుల పిల్లల్లో ఆటిస్టిక్ డిజార్డర్ 0.10%, వాడనివాళ్ళ పిల్లల్లో 0.21%. ఆటిజం వర్గంలోనే తేలికపాటి రూపమైన ఆస్పర్జర్‌లో ఆ తేడా కనబడలేదు. ఇది గమనించి చూసిన లెక్కే గాని, మాత్ర ఇచ్చి చేసిన పరీక్ష కాదు. కాబట్టి ‘ఆటిజం రాకుండా’ అని చెప్పి అమ్మే మాత్రను నమ్మకండి. బిడ్డకు ఆటిజం ఉందని తల్లి మాత్రల చీటీ వెతికి నిందించడం అంతకంటే తప్పు. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా పెద్దది. తల్లి రక్తంలో మిథైల్ గుర్తులు చూసి పుట్టబోయే బిడ్డకు ఆటిజం వస్తుందో రాదో చెప్పగల కిట్ కూడా ఏదీ లేదు.

వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీలకు ఒక ముఖ్యమైన సంగతి. ఈ మూర్ఛ మందు హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లు) మీది గుర్తులను మారుస్తుంది. డెన్మార్క్ లెక్కల్లో ఇది కడుపులో తగిలిన పిల్లల్లో ఆటిజం వర్గం సమస్యలు 4.42%, మొత్తం పిల్లల్లో 1.53%. 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఆ ముప్పును చెరిపేయదు. మందు సొంతంగా ఆపితే ఫిట్స్ తల్లికీ బిడ్డకీ ప్రమాదం, కాబట్టి పెళ్ళి ఆలోచన రాగానే న్యూరాలజిస్టుతో వేరే మందు గురించి మాట్లాడాలి.

షాపులో అడగాల్సింది: ‘ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు’. దొరక్కపోతే 400 నుంచి 500 మైక్రోగ్రాములున్న మల్టీవిటమిన్ తీసుకోండి. స్ట్రిప్ వెనక మైక్రోనా, మిల్లీనా చూడండి. ఎక్స్‌పైరీ తేదీ చూడండి. వంటగట్టు తడికీ ఎండకీ దూరంగా పెట్టండి. ఇప్పటికే రెండో నెల వచ్చేసి ఉంటే, పోయిన రోజుల గురించి బాధపడకుండా ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి.