ఏడు పువ్వు బ్రోచ్‌ల లాట్: డైసీ వరకు ఓకే

పాత గిల్టు నగలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకరు ‘1940-60ల నాటి పువ్వు బ్రోచ్‌లు, ఏడు కలిపి’ అని పెడితే తెప్పించాను. పేజీలో ఒకటే ఫొటో, అన్నీ ముందువైపే. వెనకవైపు ఫొటో పెట్టమంటే ‘అన్నీ మంచి కండిషన్‌లో ఉన్నాయి మేడమ్’ అన్నారు తప్ప ఫొటో మాత్రం రాలేదు. ఈ నగల గుట్టంతా వెనకే ఉంటుంది కాబట్టి మార్కులు తగ్గించడం అక్కడే మొదలుపెట్టాను.

ముందు బాగున్నదాని సంగతి చెప్తాను. దాదాపు అరచేయంత పసుపు డైసీ. 1960ల్లో ఇలాంటి పెద్ద పెద్ద రంగుల పువ్వులు తెగ వచ్చాయి. దీనికి రెండు వరుసల రేకలు, లోపలి వరుస కాస్త పైకి వంగి ఉంది. మధ్యలో బుడిపె, దాని కాడ రెండు వరుసల్లోంచీ దూరి వెనక్కి వచ్చింది, అక్కడ దాన్ని నలగ్గొట్టి బిగించారు. ఎక్కడా గమ్ చుక్క లేదు, వేలితో కదిపినా ఒక్క రేక ఊగలేదు. రంగు మొదట్లో నారింజ, కొసకి వచ్చేసరికి లేత పసుపు. కంపెనీ ముద్ర లేదు. అయినా లాట్ మొత్తంలో నాకు నచ్చింది ఇదే. ముద్ర ఉన్నవాటి వెంటే పడేవాళ్లు ఇలాంటివి వదిలేస్తుంటారు. వదిలేయనీ, మనకే మంచిది.

దీన్ని ఎనామెల్ అని రాశారు. వాడుకలో అలాగే అంటారు గానీ, ఆ కాలపు పువ్వుల్లో చాలావాటి మీద ఉండేది అసలు ఎనామెల్‌లా కరిగించిన గాజు కాదు, గట్టి పెయింటు. నెయిల్‌పాలిష్ రిమూవర్ లాంటివి దాని దగ్గరికి రానివ్వకూడదు. పొడి మెత్తటి గుడ్డ చాలు.

ఇక అసలు గొడవ ట్రిఫారి అనే అమెరికా గిల్టు నగల కంపెనీ బ్రోచ్‌తో. వెనక కంపెనీ పేరు, దాని మీద కిరీటం, పక్కన చిన్న వలయంలో సీ అక్షరం, అంటే కాపీరైట్ గుర్తు. అది కనిపిస్తుండగా ‘1940ల నాటిది’ అని ఎలా రాశారో! తమ డిజైన్ కాపీ కొట్టారని ట్రిఫారి ఇంకో కంపెనీ మీద వేసిన కేసులో, గిల్టు నగల డిజైన్‌కీ కాపీరైట్ వర్తిస్తుందని న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు 1955లో చెప్పింది. ఆ గుర్తు కొట్టడం ఆ తర్వాతే మామూలైంది. పైగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో తగరం లాంటి లోహాల మీద ఆంక్షలు రావడంతో అమెరికా కంపెనీలు చాలావరకు వెండికి మళ్లాయి, వాటి వెనక స్టెర్లింగ్ అని ఉంటుంది. దీని మీద అదీ లేదు. బ్రోచ్‌కి వంక పెట్టను, చక్కటి పనితనం. కానీ వయసు పెంచి చెప్తే ధర పెరుగుతుంది, వాళ్లకి తెలియంది కాదు.

రాళ్ల గులాబీ ఒకటి ఉంది, ఇంద్రధనుస్సు మెరుపు రాళ్లది. అరోరా బొరియాలిస్ అనే ఆ పూత వచ్చిందే 1950ల మధ్యలో. మూడు నాలుగు రాళ్లు నల్లబడిపోయి ఉన్నాయి. రాయి వెనక వెలుగును తిప్పికొట్టే సన్నటి పూత ఉంటుంది, తడి తగిలి అది పాడైతే ఎంత తుడిచినా మెరుపు తిరిగి రాదు, రాయి మార్చుకోవాల్సిందే. పిన్ను కీలు దగ్గర చిలుము కూడా పట్టింది, అందుకే దీన్ని మిగతావాటితో కలపకుండా వేరే డబ్బాలో పెట్టాను. ఫొటోలో ఆ నల్లరాళ్ల మీద పక్క పువ్వు రేక సరిగ్గా వచ్చి కూర్చుంది, ఎంత కాకతాళీయమో!

మిగతా నాలుగూ చిన్న చిన్న పువ్వులు, మామూలువి. చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ప్యాకింగ్ ఘోరం. ఏడింటినీ ఒకే సంచిలో పోసి, పైన మాత్రం బబుల్ కవర్ చుట్టారు. డైసీ రేక కొసన చిన్న పెచ్చు ఊడింది. పాత పెచ్చయితే కింద లోహం మసకబారి ఉండేది, ఇది తళతళా మెరుస్తోంది, అంటే దారిలో ఊడిందే. ఫొటో తీసి పంపితే గులాబీ వరకు డబ్బులు వెనక్కిచ్చారు, పెచ్చు మాట మాత్రం ఎత్తలేదు.

ఐదుకి రెండున్నర. వీళ్ల దగ్గర ఇకపై లాట్ కొనను. విడిగా ఒక్కో బ్రోచ్ పెట్టి, పిన్నూ ముద్రా కనిపించేలా ఫొటో ఇస్తే చూస్తాను. ఇప్పుడు పెట్టిన తెల్ల కమీలియా మీద కన్నుంది గానీ, దానికీ ముందువైపు ఫొటోనే పెట్టారు.