గద్వాల దాకా సైడ్ లోయర్

హైదరాబాద్ నుంచి గద్వాలకు బస్సులో పోవచ్చు, 44వ నంబరు జాతీయ రహదారి బాగానే ఉంటుంది. అయినా రాత్రిపూట నేను కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. మూడు గంటలు, అటూ ఇటూగా.

ఈసారి స్లీపర్‌లో సైడ్ లోయర్ దొరికింది. పడుకోవడానికి దండగ బెర్తు. రెండు సీట్లు కలిసే సందు సరిగ్గా నడుముకే తగులుతుంది, దుప్పటి మడిచి వేసుకోవాల్సిందే. కానీ కిటికీ మొత్తం మనదే. పోయిన సంక్రాంతికి ఏసీలో వెళ్లాను. చల్లగా ఉంది, దుప్పటీ దిండూ ఇచ్చారు. అద్దంలోకి చూస్తే మాత్రం నా మొహమే కనిపించింది.

షాద్‌నగర్ దాకా ఫ్యాక్టరీల లైట్లు, వెంచర్ల లైట్లు. జడ్చర్ల దాటాక చీకటి చిక్కబడింది. మహబూబ్‌నగర్‌లో తాగిన చాయ్ చక్కెర నీళ్లే, వేడిగా ఉందని తాగేశాను. దేవరకద్ర వైపు పోతుంటే బోగీలో దీపాలు ఆర్పేశారు. ఇక ఊళ్లు కనిపించవు, వాసనలు తెలుస్తాయి: తడిపిన పొలం, ఎక్కడో కాలుతున్న చెత్త. దూరంగా ఒక బోరు దగ్గర బల్బు చాలాసేపు మాతోపాటే వచ్చినట్టనిపించింది. ఏదో ఆలోచిస్తున్నాను కానీ ఏమిటని అడిగితే చెప్పలేను. ఈ మగత కోసమే బస్సు మానుకునేది.

ఎదురు బెర్తులో తిరుపతి పోతున్న ముసలమ్మ. "కృష్ణ రాంగనే లేపు కొడుకా" అని పడుకుంది. లేపే పని పడలేదు. వంతెన మీదికి రాగానే చక్రాల చప్పుడు మారిపోయి, కింద అంతా డొల్లయినట్టు మోగింది. ఆమే లేచి కొంగు ముడి విప్పి రూపాయి విసిరింది. ఠంగుమంది.

"నీళ్లల్ల పడ్డదా?"

"పడ్డది అవ్వా."

గద్వాలలో దిగేసరికి దాదాపు పదకొండు. స్టేషన్ బయట ఒకటే ఆటో, అడిగినంత ఇచ్చాను. లాడ్జి గది శుభ్రం, ఫ్యాను మాత్రం రైలుకంటే ఎక్కువ చప్పుడు. పొద్దున కోట, నేత ఇళ్లు చూశాను. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే పని చూడటానికే ఒక పూట పెట్టుకోండి. అలంపురం జోగులాంబ కూడా ఉంటే కర్నూలు దాకా పోయి దిగడమే మేలు, అటునుంచి దగ్గర.

తిరుగు ప్రయాణం పగటి బండిలో. వంతెన మీద తలుపు దగ్గర నిలబడి చూశాను. ఎండాకాలం, నీళ్లు ఒక పక్కన పాయగా పోతున్నాయి. మిగతాదంతా బండలే. అవ్వ రూపాయి ఇనుప దూలానికి తగలకపోయినా నీళ్ల దాకా పోయి ఉండదు.