అల్ ఐన్ వన్‌డే ట్రిప్‌కి డబ్బు కట్టబోయేవాళ్లు ముందు ఇది చదవండి

నిన్న రాత్రి పది దాటాక ఇల్లు చేరాం. పడుకున్నా నిద్ర పట్టలేదు. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఎలా వస్తే అలా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

రెండు వారాలుగా దుబాయ్‌లో మన తెలుగు గ్రూపులన్నిట్లో తిరుగుతున్న ఆ అల్ ఐన్ ప్యాకేజీ గురించే ఇది. ఖర్జూరపు తోట ఫోటో, పైన ఎర్రక్షరాలతో మనిషికి 189 దిర్హమ్‌లు, లంచ్ కలిపి. పేరు రాయను. ఆ పోస్టరు మీ ఫోన్లోనూ ఉండే ఉంటుంది. మనవాళ్లే ఫార్వర్డ్ చేశారు, మనవాళ్లే "బాగుంటుంది వెళ్లండి" అన్నారు. నేనూ ఇంకో ఇద్దరికి పంపాను. ఆ ఇద్దరికీ పొద్దున్నే ఫోన్ చేసి కట్టొద్దని చెప్పాను.

అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చి నెల కావస్తోంది. బుధవారం రాత్రి వాళ్ల ఫ్లైట్. బుర్జ్ ఖలీఫా, మాల్స్, మెరీనా అన్నీ తిప్పాను. నాన్నగారు అన్నిటికీ "బాగుందిరా" అన్నారు, అంతే. ఆయన అమలాపురం కాలువ మీద 31 ఏళ్లు లస్కరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి జిల్లాలవాళ్లకి లస్కరంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నా. తూములు ఎత్తడం, దించడం, గట్టు మీద తిరిగి ఎక్కడ గండి పడబోతోందో కనిపెట్టడం, దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువైనప్పుడు వంతులు పెట్టి శివారు పొలం దాకా తడి చేర్చడం ఆయన పని. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్లి, పై రైతు దొంగచాటుగా ఎత్తిన తూము దించి వచ్చేవారు. ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర పటం ఉంటుంది.

ఓ రోజు భోజనాల దగ్గర మాటవరసకి చెప్పాను. ఇక్కడికి గంటన్నర దూరంలో అల్ ఐన్ అని ఊరుంది నాన్నా, ఎడారి మధ్యలో తోట, లక్షా నలభై ఏడు వేల ఖర్జూరం చెట్లు, అదంతా పాతకాలపు కాలువల మీదే బతికింది అని. ఆయన తినడం ఆపేశారు. "ఎడారిలో కాలువకి నీళ్లెక్కడివిరా?" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. దాన్ని ఫలజ్ అంటారు. కొండ దిగువన నీరు పడేచోట ఒక మూల బావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి దాకా భూమి లోపలే సొరంగం, కిలోమీటర్ల కొద్దీ, అతి తక్కువ వాలుతో. నీరు తనంతట తానే నడిచి వస్తుంది. ఎండకి ఆవిరైపోకుండా దారంతా నేల కిందే ఉంటుంది. పూడిక తీయడానికి అక్కడక్కడా పైకి బావుల్లాంటి కన్నాలు ఉంటాయి. తోట దగ్గరికొచ్చాక పైకి తేలి పిల్లకాలువలుగా చీలుతుంది. అల్ ఐన్ దగ్గర హిలీలోనూ, బిదా బింత్ సౌద్‌లోనూ బయటపడినవి దాదాపు మూడు వేల ఏళ్ల నాటివి. "కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది కదా, దానికంటే ఎన్నో వందల ఏళ్ల ముందన్నమాట" అన్నాను.

"వంతులో?" ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

వంతులున్నాయి. ఎవరి తోటకి ఎంతసేపు నీరన్నది కాలం లెక్కన పంచుకునేవారు, పగలైతే నీడని బట్టి, రాత్రయితే నక్షత్రాలని బట్టి. ఆ లెక్క చూసే మనిషిని అరీఫ్ అంటారు. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే మా లస్కరే!" అన్నారు. నెల రోజుల్లో ఆయన్ని అంత హుషారుగా చూడటం అదే మొదటిసారి. ఆ రాత్రే ఊరికి ఫోన్ చేసి, తనతో పనిచేసిన ఆయనకి చెప్పారు కూడా, "ఇక్కడా మనవాళ్లున్నార్రా" అని.

అందుకే బుక్ చేసే ముందు ఫోన్ చేసి మరీ అడిగాను. మా నాన్నగారు కాలువల మీద పనిచేసిన మనిషి, ఆయన చూడాలనుకునేది ఫలజ్ ఒక్కటే, ఒయాసిస్‌లో ఎంతసేపు ఉంటారు అని. "రెండు గంటలు సార్, మా గైడ్ దగ్గరుండి అన్నీ వివరిస్తాడు, పెద్దాయన్ని మా మీద వదిలేయండి" అన్నాడు ఫోన్లో మనిషి. తెలుగులోనే అన్నాడు. 567 దిర్హమ్‌లు అప్పటికప్పుడే పంపేశాను. ఏదీ రాతలో అడగలేదు. తెలుగులో మాట్లాడాడు కదా అని నమ్మేశాను.

బస్సు ఎనిమిదిన్నరకి రావాల్సింది తొమ్మిది యాభైకి వచ్చింది. దేరాలో ఇద్దరు, షార్జాలో నలుగురు ఎక్కారు. దారిలో ఎర్ర ఇసుక దగ్గర ఆపి ఒంటె సవారీ అన్నారు, అది వేరే డబ్బు. ఎక్కనివాళ్లం యాభై నిమిషాలు బస్సులో కూర్చున్నాం. అల్ ఐన్‌లోకి వచ్చాక నేరుగా ఖర్జూరాలు, అత్తర్లు అమ్మే కొట్టుకి తీసుకెళ్లి గంటంపావు నిలబెట్టారు. ఆ గంటంపావూ గైడ్ కౌంటర్ వెనక కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. లంచ్ రెండున్నర దాటాక. తర్వాత జెబెల్ హఫీత్ కొండ మీదికి, అక్కడ ఫోటోలు. ఇదంతా ఓర్చుకున్నాం. నాన్నగారు ఒక్కమాట అనలేదు. ప్రతి స్టాపు దగ్గరా నా వైపు చూడటం మాత్రం నేను గమనించాను. "తర్వాత అదే నాన్నా" అని ప్రతిసారీ చెబుతూ వచ్చాను.

ఒయాసిస్ గేటు దగ్గర దిగేసరికి నాలుగూ ఇరవై. గైడ్ వాచీ చూసుకుని "ఇరవై నిమిషాలు" అన్నాడు. రెండు గంటలన్నారు కదా అంటే "ట్రాఫిక్" అన్నాడు.

లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఆ రోజు పడ్డ విసుగంతా మర్చిపోయాను. రెండు పక్కలా మట్టిరంగు గోడలు, మధ్యలో సన్నటి దారి, పైన ఖర్జూరపు మట్టలు కలుసుకుని నీడ. బయటికీ లోపలికీ చల్లదనంలో తేడా ఒంటికి తెలుస్తోంది. ఖర్జూరాల కింద మామిడి, అరటి, నిమ్మ జాతి చెట్లు. అమ్మ మామిడిచెట్టు దగ్గర ఆగి ఆకు పట్టుకుని చూసింది. 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన చోటు ఇది. యూఏఈకి దక్కిన మొదటి ప్రపంచ వారసత్వ గుర్తింపు అదే. 2020లో ఫలజ్ పద్ధతినీ, దాన్ని నడిపే జ్ఞానాన్నీ కూడా యునెస్కో విడిగా గుర్తించింది. 1946లో ఇక్కడి పాలన చేపట్టి, తర్వాత యూఏఈ తొలి అధ్యక్షుడైన షేక్ జాయెద్ మొదట పట్టించుకున్న పనుల్లో ఈ ఫలజ్‌లని బాగు చేయించడం ఒకటి. ఇవన్నీ నేను ముందు రాత్రి చదువుకున్నవి. గైడ్ వీటిలో ఒక్కటీ చెప్పలేదు. గేటు దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

నాన్నగారు గోడ వెంట పోయే పిల్లకాలువ దగ్గర ఆగారు. జానెడున్నర వెడల్పు ఉంటుందేమో. ఒకచోట అది రెండుగా చీలుతోంది. ఒక పాయకి రాయి అడ్డం పెట్టి, సందుల్లో గుడ్డ కుక్కి ఉంది. ఆయన మోకాళ్లు నొప్పులున్న మనిషి, గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నారు. ఆ గుడ్డ మీద చెయ్యి వేసి, తర్వాత నీళ్లలో చెయ్యి పెట్టి నడక చూశారు. "మేమూ ఇంతేరా, షట్టరు చెడితే గోనె కుక్కేవాళ్లం" అన్నారు నాతో. ఇంకా అన్నారు, "ఇప్పుడు వంతు ఈ పక్క తోటది. చూడు, ఆ పక్క మన్ను ఆరిపోయి ఉంది." గైడ్ చెప్పాల్సింది నాన్నగారే నాకు చెప్పారు.

అప్పుడు గైడ్ వచ్చాడు. నాన్నగారు తలెత్తి చాలా మర్యాదగా అడిగారు, నన్ను హిందీలో చెప్పమని. "ఈ రాయి తీసే మనిషి ఎవరండీ? ఆయన ఉంటే ఒకసారి చూడొచ్చా?"

నేను చెప్పడం పూర్తికాకముందే వాడు చప్పట్లు కొట్టాడు, పశువుల్ని అదిలించినట్టు. "చాచా, నాలీ దేఖ్నే ఆయే హో క్యా? ఉఠో, చలో చలో" అన్నాడు. మురిక్కాలువ చూడ్డానికి వచ్చావా, లే, పద అని. అందరి ముందూ. బస్సులో పద్నాలుగు మంది ఉన్నాం.

నాన్నగారికి హిందీ రాదు. కానీ నాలీ అంటే ఏమిటో ఆయనకి తెలుసు. చప్పట్లు ఎందుకు కొట్టాడో కూడా అర్థమైంది. నీళ్లలోంచి చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నారు. లేవడానికి ఇబ్బంది పడుతుంటే అమ్మ పట్టుకుంది. "పదరా, మనవల్ల అందరికీ ఆలస్యం" అన్నారు.

నేను ఏమీ అనలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నా. మాతో వచ్చిన కేరళ కుటుంబంలో పెద్దావిడ ఒకరు గైడ్‌తో "రెండు నిమిషాలు చూడనివ్వండి, పెద్దాయన కదా" అన్నారు. పరాయి మనిషి ఆవిడ. కన్నకొడుకుని, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. గొడవైతే అమ్మ కంగారు పడుతుందని అనుకున్నాను, తిరిగి వెళ్లాల్సింది ఆ బస్సులోనే కదా అని కూడా అనుకున్నాను. ఏ కారణం చెప్పుకున్నా ఆ క్షణం నేను ఆయన పక్కన నిలబడలేదు.

అక్కడి నుంచి అల్ జాహిలీ కోట. 1890లలో కట్టిన కోట అది, లోపలికి వెళ్లే మాట ప్యాకేజీలో ఉంది. బయట రోడ్డు మీద బస్సు ఆపి, అద్దంలోంచే ఫోటో తీసుకోమన్నారు. షేక్ జాయెద్ 1966 దాకా ఉన్న ఇల్లు, ఇప్పుడది ప్యాలెస్ మ్యూజియం, అదీ పోస్టర్లో ఉంది. దాని పేరే ఎత్తలేదు. తిరుగుదారిలో మనిషికి 20 దిర్హమ్‌లు గైడ్ టిప్ తప్పనిసరి అని వరసగా వసూలు చేశాడు. 60 ఇచ్చాను. నాన్నగారి మీద చప్పట్లు కొట్టిన చేతుల్లోనే పెట్టాను ఆ డబ్బు. రాత్రి నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

దుబాయ్ వచ్చేదాకా నాన్నగారు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఊరి నుంచి ఆ స్నేహితుడి ఫోన్ వచ్చింది, ఏం చూశావని. "ఆ, చూశాను, బాగుంది" అని పెట్టేశారు.

పొద్దున ఫోన్ చేస్తే ఆ తెలుగాయనే ఎత్తాడు. రెండు గంటలన్నారు కదా అంటే, "ఒయాసిస్ విజిట్ అని రాశాం సార్, ఎంతసేపని రాయలేదు" అన్నాడు. గైడ్ అన్న మాట చెబితే "వాడు మా స్టాఫ్ కాదు, బయటివాడు" అన్నాడు. క్షమించమన్న మాట అతని నోటి నుంచి రాలేదు. వచ్చే డెజర్ట్ సఫారీలో మనిషికి 50 తగ్గిస్తానన్నాడు. ఫోన్ పెట్టేశాను. దుబాయ్ వినియోగదారుల విభాగానికి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను, రసీదూ పోస్టరూ జతచేసి. రెండు గంటలన్న మాటకి మాత్రం నా దగ్గర రుజువు లేదు.

కట్టేవాళ్లు ఏ చోట ఎన్ని నిమిషాలు, లోపలికా బయటి నుంచేనా, దారిలో కొట్లు ఎన్ని అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. గైడ్ లైసెన్స్ కార్డు ఎక్కకముందే అడగండి, మాతో వచ్చినవాడి మెడలో ఏ కార్డూ లేదు. ఇంకోమాట, అసలు ప్యాకేజీయే అక్కర్లేదు. ఒయాసిస్‌కి టికెట్ లేదు. దుబాయ్‌లోని అల్ గుబైబా బస్ స్టేషన్ నుంచి ఈ201 బస్సు నేరుగా అల్ ఐన్ వెళ్తుంది, అక్కడ దిగి టాక్సీ ఎక్కితే చాలు. ఇది నాకు నిన్నటిదాకా తెలియదు. వెతకలేదు కాబట్టి తెలియలేదు.

మంగళవారానికి సెలవు అడిగాను, మేనేజర్ ఇంకా ఏమీ చెప్పలేదు. ఇచ్చినా ఇవ్వకపోయినా వెళ్తున్నాం. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. అల్ ఐన్‌లో ఉండే మనవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క సాయం చేయండి. ఒయాసిస్‌కి చాలా గేట్లున్నాయట కదా, ఏ గేటు నుంచి వెళ్తే కాలువలు చీలేచోటు దగ్గరవుతుంది? ఆ రాళ్లు తీసి నీళ్లు మళ్లించేవాళ్లు పొద్దున ఏ వేళకి వస్తారు? ఆయనకి ఎక్కువ నడక లేకుండా చూడాలి.