ఆన్‌లైన్‌లో దొరికే ఆల్చిప్పల ప్యాక్: కొనేముందు ఇది చదవండి (రేటింగ్: 5కి 2)

చేపల తొట్టి నీటికి ‘సహజ ఫిల్టర్’ పేరుతో అమ్ముతున్న ఐదు బతికున్న మంచినీటి ఆల్చిప్పల ప్యాక్ ఇది. ప్యాకింగ్ బాగుంది. నీళ్ల కవరులో కాకుండా తడిగుడ్డలో చుట్టి పంపారు, ప్రయాణానికి అదే మేలు. ముట్టుకోగానే చిప్ప బిగించుకుంటే ప్రాణంతో ఉన్నట్టు. తెరుచుకుని కంపు కొడుతుంటే వెంటనే తీసేయండి; ఒక్కటి కుళ్లినా అమోనియా పెరిగి చేపలు పోతాయి.

‘మేత అక్కర్లేదు’ అని కరపత్రంలో రాశారు. ఇది పచ్చి తప్పు. ఆల్చిప్ప నీటిని లోపలికి లాగి, మొప్పలతో వడగట్టి, నాచు కణాలు, బాక్టీరియా తింటుంది. అద్దంలా మెరిసే తొట్టిలో వేస్తే వారాల తరబడి పస్తులుండి చస్తుంది, పైకి ఏమీ తెలియదు. లేత ఆకుపచ్చ నీళ్లున్న పాత పెరటి కొలను, అడుగున 8 సెంటీమీటర్ల సన్న ఇసుక ఉంటేనే కొనండి. గులకరాళ్లలో దాని పాదం దిగదు. మైలుతుత్తం కలిసిన చేపల మందు మాత్రం ఆ నీళ్లలో పడనివ్వకండి, అందులోని రాగి వీటికి విషం.

‘పిల్లలు పెడతాయి’ అన్న మాటా సగమే నిజం. గ్లోకిడియా అనే లార్వాలు చేప మొప్పలకో రెక్కలకో అంటుకుని కొన్నాళ్లు బతకాలి. తగిన జాతి చేప లేకపోతే అన్నీ చచ్చిపోతాయి.

అన్నిటికంటే బాధ కలిగించేది, ఏ జాతో, ఎక్కడి నీళ్లలోంచి ఏరారో ప్యాక్ మీద లేకపోవడం. మన చెరువుల్లోని లామెల్లిడెన్స్ మార్జినాలిస్ కావచ్చు, కాకపోనూ వచ్చు. తూర్పు ఆసియా జాతి సినానోడోంటా వుడియానా యూరప్ నదుల్లో ఇప్పటికే స్థానిక జాతులకు ముప్పుగా మారింది. వద్దనుకున్నా సరే, వీటిని చెరువులోనో వాగులోనో వదలకండి.