సరుకు ఓడ రాని గ్రహం మీద సైనికుడి చేతిలో ఏది మేలు: లేజరా, రైల్‌గన్నా, మామూలు తుపాకీయా?

సైనిక సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు ఆయుధాన్ని ఎక్కువగా దాని దెబ్బ చూసి ఎంచుకుంటారు. భూమితో సంబంధం తెగిపోయిన గ్రహం మీద కథ నడిపేటప్పుడు ఆ లెక్క సరిపోదు. అక్కడ ముందు తేలాల్సినవి రెండు. ఆయుధం పాడైతే ఊళ్లోని వర్క్‌షాపులో బాగుచేయగలరా? దానికి కావలసిన సరుకు ఆ నేల మీదే దొరుకుతుందా? లెక్కల కోసం గ్రహాన్ని అంగారకుడిలా ఊహించుకుందాం: గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 3.71 మీటర్లు (భూమి మీద 9.8), గాలి పీడనం మన దాంట్లో నూరో వంతు కూడా ఉండదు, ఆ కాస్త గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే.

లేజర్ మీద అందరికీ మోజు కాబట్టి దాంతో మొదలుపెడదాం. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని చెస్ ల్యాబ్. అది వాహనం మీద ఎక్కించే యంత్రమే తప్ప భుజాన వేసుకునేది కాదు. కారణం వేడి. సామర్థ్యం 30 శాతం అనుకుంటే, 30 కిలోవాట్ల కిరణానికి 100 కిలోవాట్ల కరెంటు పోయాలి. మిగతా 70 కిలోవాట్లూ వేడిగా యంత్రంలోనే ఉండిపోతాయి. పలచటి గాలిలో ఫ్యాన్లు పెట్టి లాభం లేదు, పెద్ద రేడియేటర్ రెక్కలు కావాలి. శత్రువు ముందు కొట్టేది వాటినే.

దుమ్ముది ఇంకో గొడవ. అంగారకుడి మీద 2018 జూన్ దుమ్ము తుఫానులో నాసా ఆపర్చునిటీ రోవర్ నమోదుచేసిన ఆకాశపు మసక విలువ (దుమ్ము వెలుగును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత, ఆప్టికల్ డెప్త్) 10.8. ఆ దుమ్ము గాలిలో సమంగా కలిసి, 11 కిలోమీటర్ల మందాన ఉందనుకుంటే, నేలబారున కొట్టిన కిరణంలో కిలోమీటరు దూరానికి చేరేది మూడో వంతు పైచిలుకు. 3 కిలోమీటర్లకు 5 శాతం మిగులుతుంది. తుఫాను నెలల తరబడి ఉండొచ్చు. కాబట్టి లేజర్‌ను రియాక్టర్ పక్కన, స్థావరం కాపలాకు, డ్రోన్ల మీదికి వాడండి. అద్దం పగిలిన రోజున దాని కథ అయిపోయినట్టే. అద్దం మీద పూత వేసే ఫ్యాక్టరీ అక్కడ ఉండదు.

రైల్‌గన్ అంటే రెండు లోహపు పట్టాల గుండా భారీ కరెంటు పంపి, ఆ అయస్కాంత బలంతో గుండును విసిరే తుపాకీ. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అమెరికా నౌకాదళం 2010 డిసెంబరులో 33 మెగాజౌల్స్‌తో పేల్చి రికార్డు పెట్టింది, 2021లో ఆ పనే మానుకుంది. లక్షల ఆంపియర్ల కరెంటుకు పట్టాలు తొందరగా అరిగిపోతాయి. చేతిలో పట్టే సైజుకు దించితే ఇంకో చిక్కు: మామూలు రైఫిల్ గుండు దెబ్బకు సమానంగా 1,750 జౌల్స్ కావాలంటే, నష్టాలు పోను కెపాసిటర్‌లో 6, 7 కిలోజౌల్స్ నింపాలి. కెపాసిటర్ కిలోకు పట్టేది ఒకటి రెండు కిలోజౌల్స్. అంటే ఒక్క గుండు కోసం కిలోల కొద్దీ బరువు మోయాలి. 5.56 మిల్లీమీటర్ల రైఫిల్ తూటాలో అదే పనిని సుమారు 1.7 గ్రాముల తుపాకీ మందు చేసేస్తుంది.

అందుకే మామూలు తుపాకీ గట్టిది. మందులోనే ఆక్సిజన్ భాగం ఉంటుంది కాబట్టి గాలి లేని చోట కూడా పేలుతుంది. సోవియట్లు సల్యూత్-3 కేంద్రం మీది ఫిరంగిని 1975 జనవరిలో అంతరిక్షంలోనే పేల్చారు. అయితే కొన్ని మార్పులు తప్పవు. మామూలు గన్ ఆయిల్ చలికి గడ్డకడుతుంది, తక్కువ పీడనానికి ఆవిరైపోతుంది. దాని బదులు మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే జారుడు పొడి రాయాలి. హెల్మెట్ ఉండగా చెంప బట్‌కు ఆనదు, కాబట్టి కెమెరా సైట్ కావాలి. గ్లవ్ వేలు పట్టేలా ట్రిగర్ గార్డ్ వెడల్పు చేయాలి. భూమి మీద సరిచేసిన గురితో 300 మీటర్ల దూరాన ఛాతీకి పెడితే దెబ్బ తల దగ్గరికి పోతుంది. గాలి అడ్డు లేదనుకుని 45 డిగ్రీల్లో పేలిస్తే గుండు 200 కిలోమీటర్లు దాటుతుందని లెక్క చెబుతుంది. నిజంలో ఆ పలచటి గాలే కొంత కోసేస్తుంది. అయినా గురి తప్పిన గుండు ఎక్కడ పడుతుందో అనే భయం మీ సైనికుల మాటల్లో వినిపించాలి.

అసలు చిక్కు మందు తయారీలో ఉంది. దానికి నైట్రిక్ ఆమ్లం కావాలి, ఆమ్లానికి అమ్మోనియా, అమ్మోనియాకు నైట్రోజన్. ఆ గాలిలో నైట్రోజన్ 3 శాతం లోపే. పైగా పంటల ఎరువుకు కూడా అదే అమ్మోనియా. మొదటి ప్రపంచ యుద్ధంలో చిలీ నైట్రేట్ ఆగిపోయినప్పుడు జర్మనీ సరిగ్గా ఈ ఇరకాటంలోనే పడి, హాబర్ పద్ధతి మీద ఆధారపడింది. మీ గ్రహంలో ప్రతి తూటా ఎవరో ఒకరి గోధుమ మడిలోంచి వస్తుంది. యుద్ధానికి ఇంతకన్నా మంచి కారణం వెతకనక్కర్లేదు. ఇత్తడి తొడుగులు ఏరుకుని మళ్లీ నింపుకోవచ్చు. ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు) మాత్రం ముందు అయిపోతాయి, అవి చేయడమే అన్నిటికన్నా ప్రమాదం.

ప్రైమర్లు అయిపోయాక? రచయితలు పట్టించుకోని నాలుగో దారి గ్యాస్ తుపాకీ. ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలోనే 20 గుండ్లు పట్టే జిరార్దోనీ గాలి తుపాకీ వాడింది. సిలిండర్ నింపడానికి వెయ్యికి పైగా పంపు కొట్లు కొట్టాలి, తోలు వాషర్లు కారేవి. మన గ్రహంలో పీల్చి నింపడానికి కార్బన్ డయాక్సైడ్ కావలసినంత ఉంది, కంప్రెసర్ ఉంటే చాలు. 10 గ్రాముల గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే శక్తి 200 జౌల్సే. కవచం లేని ప్రెషర్ సూట్‌కు చిల్లు పెట్టడానికి అది చాలు. లోపమల్లా చలి. సిలిండర్‌లోని ద్రవ కార్బన్ డయాక్సైడ్ 20 డిగ్రీల దగ్గర 57 బార్ ఒత్తిడి ఇస్తే, మైనస్ 40 దగ్గర ఇచ్చేది 10 బార్ మాత్రమే.

నా ఎంపిక అడిగితే: కథ సంబంధం తెగిన మొదటి ఏళ్లలో నడిస్తే మామూలు రైఫిల్, స్థావరానికి ఒక లేజర్. రైల్‌గన్ వద్దు. తరం మారాక నడిస్తే గ్యాస్ తుపాకీ, మిగిలిన కొద్ది తూటాలు స్నైపర్ల దగ్గరే. అప్పుడు దాడులన్నీ తెల్లవారుజామున, అవతలివాళ్ల సిలిండర్లు చల్లబడి ఉన్నప్పుడే జరుగుతాయి. కాపలా ఉన్నవాళ్లు సిలిండర్‌ను సూట్ లోపల ఒంటి వెచ్చదనంలో ఉంచుకుని, గొట్టం మాత్రం బయటికి తీస్తారు. ఆ గొట్టం సూట్‌లోంచి బయటికి వచ్చే చోట సీల్ కారడం మొదలైతే, తుపాకీతో పాటు ఊపిరి గాలి కూడా పోతుంది.