కొండపల్లి, కొండవీడు: రోహిణి ఎండల్లో అడవి లిల్లీల దారి

విజయవాడ పూల మార్కెట్లో లిల్లీ అంటే కిలోల లెక్కన తూచే తెల్లపూలే. అవి నేలసంపెంగలు, మెక్సికో నుంచి వచ్చినవి. అసలు లిల్లీ జాతికీ వాటికీ దగ్గరి చుట్టరికం లేదు. లిల్లీలనీ, వాటి దాయాదులనీ అడవిలో చూడాలంటే కొండ ఎక్కాలి, అదీ చాలామంది గడప దాటని ఎండాకాలంలో.

చలిదేశాల అడవుల్లో ట్రిలియం, ఎరిత్రోనియం లాంటి లిల్లీలు వసంతంలో మంచు కరగ్గానే పూస్తాయి. పైన చెట్లు చిగురించి నీడ కమ్మేలోపే వాటి పని అయిపోవాలి. మన కొండల్లో వేళ్లకు అందనిది నీరు, కాబట్టి ఇక్కడి దుంపలు ఎదురుచూసేది వానకు. ఆకు రాల్చిన అడవిలో కొన్ని ముందే పూస్తాయి, కొన్ని తొలకరి పడ్డాక లేస్తాయి. అందుకే ఈ ప్రయాణానికి తేదీలకంటే కార్తెలు బాగా పనికొస్తాయి.

ముందు పూసేది నక్కవుల్లి. అడవి ఉల్లి అన్నా అదే. చైత్ర వైశాఖాల్లో, నేలమీద ఒక్క ఆకైనా లేకుండా, రాళ్ల సందునుంచి సన్నని కాడ ఒక్కటే నిటారుగా లేస్తుంది. నడుమెత్తు దాకా పెరుగుతుంది. పగలు చూస్తే ఎండుపుల్లే అనుకుని దాటిపోతారు. పొద్దు వాలాక దగ్గర కూర్చుని చూడండి: కాడకు వేలాడే గోధుమరంగు మొగ్గలు కిందినుంచి వరసగా విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వుకు ఆరు రేకులు, ప్రతి రేకు నడుమా ముదురు చార. తెల్లారేసరికి వాడిపోతాయి. ఆకులు వానలు పడ్డాకే వస్తాయి.

ఇక్కడే కొండపల్లితో చిక్కు. విజయవాడ నుంచి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా ఇరవై కిలోమీటర్ల లోపే. అడవి మధ్యలోంచి ఘాట్ రోడ్డు ఖిల్లా దాకా పోతుంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెప్పే కోట అది, చూడదగ్గదే. కానీ సాయంత్రం కోట మూసేస్తారు, పువ్వు విచ్చేది ఆ తర్వాత. నక్కవుల్లి కోసమే వచ్చినవాళ్లు పైకి పోనక్కర్లేదు. కొండ అడుగున, ఊరి అంచున, రాతి వాలుల్లో సాయంత్రం అయిదున్నర నుంచి చీకటి పడేదాకా వెతకడం మేలు. టార్చి తప్పనిసరి. రాళ్ల సందుల్లో పాములుంటాయి, చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టాలి. బొమ్మల కాలనీ ఎలాగూ దారిలోనే ఉంటుంది, పగటిపూట ఆ పని చూసుకోవచ్చు.

హైదరాబాద్ హైవే పక్కన మూలపాడులో, కొండపల్లి రిజర్వు అడవిలోనే, సీతాకోకచిలుకల పార్కు ఉంది. నడకదారులు ఉండటంతో పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు కోటకంటే ఇదే హాయి. తొలకరి తర్వాత దారి అంచుల్లో చూపు కిందికి దించి నడిస్తే నేలతాడి కనిపిస్తుంది. తాటిమొలకలాంటి ఆకుల మొదట్లో, మట్టిని ఆనుకుని, పావలా బిళ్లంత పసుపు నక్షత్రం. నిలబడి వెతికితే దొరకదు, మోకాళ్లమీద కూర్చోవాలి. నీళ్లు మనమే మోసుకెళ్లాలి, మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా.

కొండవీడు వేరే లెక్క. గుంటూరు నుంచి ఫిరంగిపురం వైపు పాతిక కిలోమీటర్లు ఉంటుంది. పైన చెరువులుండటం వల్ల నేలలో తేమ ఎక్కువ కాలం నిలుస్తుంది, కాబట్టి శ్రావణ భాద్రపదాల్లో అడవినాభి అనే తీగ కోసం మేం ఓటు వేసేది దీనికే. ఘాట్ రోడ్డు పక్క పొదల్లో, సీతాఫలం చెట్లమీదికి అల్లుకుని ఉంటుంది. ఆకు కొసే తీగలా మెలితిరిగి కొమ్మను పట్టుకుంటుంది, దీన్నిబట్టి పువ్వు లేకపోయినా గుర్తుపట్టొచ్చు. మొగ్గ పచ్చగా తలకిందులుగా వేలాడుతుంది. విచ్చాక ఆరు రేకులూ వెనక్కి మడిచి పైకి లేస్తాయి. మొదట పసుపు, తర్వాత నారింజ, చివరికి నెత్తుటి ఎరుపు. కీలం, అంటే పువ్వు నడుమ నుంచి వచ్చే సన్నని కాడ, మాత్రం పక్కకు, సరిగ్గా మూలమట్టం పెట్టినట్టు వంగి ఉంటుంది. తమిళనాడుకు రాష్ట్రపుష్పం ఇదే. దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, చిన్న ముక్క తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల చేతికి ఇవ్వకండి.

రిజర్వు అడవిలో దుంప తవ్వడం నేరం. తవ్వి తెచ్చినా లాభం లేదు, వేళ్లు తెగిన దుంప కుండీలో కుళ్లుతుంది.

బస విషయానికొస్తే, కొండపల్లి, మూలపాడు చూసేవాళ్లు బెంజి సర్కిల్ దగ్గర గది తీసుకుంటే పొద్దున్నే ట్రాఫిక్‌లో గంట పోతుంది. భవానీపురం, గొల్లపూడి వైపు తీసుకోండి. కొండవీడుకు గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట సరిపోతాయి, బస్టాండూ స్టేషనూ దగ్గరే. గది అడిగేటప్పుడు పొద్దున అయిదింటికి టీ దొరుకుతుందా, వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయి అని అడగండి. ఎండాకాలంలో తొమ్మిదిలోపు కొండ దిగాలి. బస్సు కొండ అడుగుదాకానే. ఆటో మాట్లాడితే పైకి, కిందికి, మధ్యలో ఆగే గంటలు అన్నీ కలిపి ముందే ఖరారు చేసుకోవాలి. 'వెయిటింగ్' మాట తేల్చకపోతే దిగేటప్పుడు గొడవ.

కొండ ఎక్కలేనివాళ్లు కాలువగట్ల మీద కేసరిచెట్టు చూడొచ్చు. తెల్లని సన్నరేకులు, సాయంత్రం విచ్చి రాత్రంతా వాసన.

ఇంట్లో పెంచాలనుకుంటే కడియపులంక నర్సరీలదే పెద్ద దారి. విజయవాడ నుంచి జాతీయ రహదారి మీద సుమారు నూట యాభై కిలోమీటర్లు, రైల్లో రాజమండ్రి దిగి వెనక్కి రావచ్చు. దుంపలకు మార్చి, ఏప్రిల్ నెలలే మంచివి. వానల్లో కొన్నవి ప్లాస్టిక్ సంచిలో చెమర్చి కుళ్లుతాయి. దుంప అడుగు బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగినా, పుల్లటి వాసన వచ్చినా వద్దు. 'ఎర్ర లిల్లీ' పేరుతో అమ్మేది దక్షిణ అమెరికా అమరిల్లిస్, మన ఎండకు చక్కగా తట్టుకుంటుంది. ట్రిలియం దుంపలు ఆన్‌లైన్‌లో కనిపించినా డబ్బు పోగొట్టుకోకండి, మూడు నెలల గట్టి చలి లేకుండా అది లేవదు.

మనకు నమ్మకమైనది మే పువ్వు, ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. ఆఫ్రికా మొక్క, వేసవి జల్లు తగలగానే ఎర్రని బంతిలా ఒక్కసారే పూస్తుంది. ఎనిమిది అంగుళాల కుండీ, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక. దుంప మెడ మట్టిపైకి కనిపించాలి. కృష్ణా డెల్టా నల్లరేగడి ఒక్కటే పోస్తే నీరు పట్టి దుంప చస్తుంది. మధ్యాహ్నపు నీడ ఉండాలి. కుండీ ఏటా మార్చొద్దు, వేళ్లు ఇరుక్కున్న దుంపే బాగా పూస్తుంది.

వానాకాలంలో నల్లని ఒంటిమీద తెల్లచుక్కల గొంగళిపురుగులు ఈ జాతి మొక్కలమీద పడతాయి. ఒక్క రాత్రిలో ఆకు తిని, దుంపలోకి దిగుతాయి. పొద్దున్నే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయాలి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. అవి మట్టిలోనే ప్యూపా కడతాయి కనుక పై అంగుళం మట్టి తీసి మార్చకపోతే మళ్లీ వస్తాయి. డిసెంబరులో ఆకులు పండిపోతే కంగారుపడి నీళ్లు పోయకండి. కుండీని ఏప్రిల్ నెలాఖరు దాకా గోడవారన పొడిగా వదిలేయాలి.