తిరుపతిలో బుల్లి రైలు, పాకాల మీదుగా పెద్ద రైలు

మా చిన్నోడికి ఆరేళ్ళు. వాడికి తిరుపతి అంటే ముందు లడ్డు, ఆ తర్వాత రైలు. అందుకే ఈసారి దర్శనం చేసుకుని కొండ దిగాక ఇంకో రోజు కింద ఉండిపోయాం. స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసంలో రూమ్ ముందే బుక్ చేసుకున్నాం. పెద్దవాళ్ళతో, పిల్లలతో వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పే చోటు ఇదే. ఆటో బేరంతో పనిలేదు, రోడ్డు దాటితే స్టేషన్.

సాయంత్రం ఊళ్ళో పెట్టిన ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. బుల్లి రైలు టికెట్ మనిషికి 60 రూపాయలు. పట్టాలు ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించారు. నేల పల్లంగా ఉన్న చోట కింద చెక్కలు దోపారు. బండి ఆ అతుకు మీదికి రాగానే పెట్టె ఓ పక్కకి ఒరిగి మళ్ళీ లేచేది. మూడు రౌండ్లని చెప్పి రెండిటికే ఆపేశారు. అది పోనీ. మేం కూర్చున్న చివరి పెట్టెకి, పడిపోకుండా పక్కన అడ్డంగా తగిలించే గొలుసు లేదు. అడిగితే "పిల్లోడిని పట్టుకోండి సార్" అన్నారు. దిగేదాకా నాకు టెన్షనే. మా నాన్న వాణ్ణి మధ్యలోకి జరిపి, చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నారు. టికెట్ కొనేముందు బండి ఒక రౌండు తిరిగేదాకా నిలబడి చూడండి. గొలుసులు ఉన్నాయా, అతుకుల దగ్గర పట్టా కదులుతోందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది.

బండి నడిపే కుర్రాడు మాత్రం పని తెలిసినవాడు. ప్రతి ట్రిప్పుకీ ముందు వంపు దగ్గర వంగి, పట్టా లోపలి అంచుకి వేలితో గ్రీజు రాసేవాడు. రైలుకి రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండూ కలిసే తిరగాలి. వంపులో బయటి పట్టా పొడవెక్కువ. అంత చిన్న రింగులో చక్రం జారక తప్పదు, కీచుమనకా తప్పదు. గ్రీజు అందుకే.

ఇంజన్‌కి పొగగొట్టం ఉంది గానీ పొగ లేదు. లోపల ఉన్నది మోటారు. పార్కు రైళ్ళకి ఈ ఆవిరింజన్ రూపం ఎక్కడిదా అని వెతికితే, అమెరికాలోని విచిటా ఊళ్ళో చాన్స్ రైడ్స్ అనే కంపెనీ కనిపించింది. 1960ల నుంచి వాళ్ళు సి.పి. హంటింగ్టన్ పేరుతో బుల్లి రైళ్ళు చేస్తున్నారు. 1863లో తయారైన అసలు ఆవిరింజన్ పేరే అది. ఆ ఇంజన్ ఇప్పటికీ కాలిఫోర్నియాలో, శాక్రమెంటో రైల్వే మ్యూజియంలో ఉంది. దాని రూపంలో చేసిన పార్కు బండి పట్టాల మధ్య దూరం 2 అడుగులు. మన డార్జిలింగ్ రైలుదీ అంతే.

ఇంతకుముందు విశాఖ కైలాసగిరి కొండ మీది బుల్లి రైలు కూడా ఎక్కాం. కొండ చుట్టూ తిరుగుతుంటే కింద సముద్రం కనిపిస్తుంది, ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగిందనిపిస్తుంది. పట్టాల్లేకుండా టైర్ల మీద తిప్పేవాటికి మాత్రం నేను డబ్బు పెట్టను. పట్టా మీద చక్రం చేసే చప్పుడు లేకపోతే పిల్లలకి అది రైలే కాదు.

మర్నాడు చిత్తూరుకి బస్సు వద్దని ప్యాసింజర్ ఎక్కాం. చంద్రగిరి దాటాక రెండు పక్కలా కొండలు. పాకాల దగ్గరపడగానే మా నాన్న కిటికీ దగ్గరికి జరిగారు. ఆయన చిన్నప్పుడు ఇక్కడ మీటరు గేజి, అంటే పట్టాల మధ్య ఒక్క మీటరు దూరమే, ఉండేది. పాకాల మీదుగా ధర్మవరం దాకా 1891లో వేసిన లైను. ఇప్పుడంతా అంతకంటే వెడల్పైన బ్రాడ్ గేజి. ఊటీ బండిని అందరం టాయ్ ట్రైన్ అంటాం గానీ దానిదీ మీటరు గేజే. అంటే ఆ వెడల్పు పట్టాల మీదే మా నాన్న రోజూ బడికి వెళ్ళారు.

"అబ్బోడా, నేను ఎక్కింది కూడా చిన్న రైలేరా" అన్నారు మనవడితో.

"గొలుసు ఉండేదా తాతా?" అన్నాడు వాడు.

"తలుపే ఉండేది నాయనా" అంటూ, నిన్నటిలాగే వాడికి చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నారు.